కారు అలారం కొంటున్నారా? కోటప్పకొండ తిరునాళ్లలో నేను నేర్చుకున్న పాఠం ఇదీ

కారుకి అలారం ఉంది, ఏదైనా జరిగితే ఫోన్‌కి అలర్ట్ వస్తుందిలే అని నిశ్చింతగా ఉన్నారా? నేనూ అలాగే ఉన్నా, మొన్నటి శివరాత్రి దాకా.

మాది నరసరావుపేట. తిరునాళ్లకి నాన్న కారులో ఇంటిల్లిపాదీ కోటప్పకొండ వెళ్లాం. కొండ కింద పొలంలో పార్క్ చేసి, త్రికోటేశ్వరస్వామి దర్శనానికి క్యూలో నిలబడ్డాం. కారుకి కాస్త దూరంలోనే ప్రభలు, వాటి ముందు పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు. బాస్ కొట్టినప్పుడల్లా నా ఫోన్‌లో 'షాక్ అలర్ట్'. పదోసారికి విసుగొచ్చి మ్యూట్ చేసేశా.

తెల్లవారుజామున దిగొచ్చి చూస్తే వెనక అద్దం పగిలి ఉంది, అమ్మ బ్యాగు లేదు. డబ్బు తక్కువే గానీ ఆవిడ షుగర్ మందులు, ఇంటి తాళాలు అందులోనే ఉన్నాయి. యాప్ తీస్తే షాక్ అలర్ట్‌ల మధ్యలో ఒకే ఒక్క 'డోర్ ఓపెన్' అలర్ట్ ఉంది. అచ్చం 'నాన్నా పులి' కథే! అలారం తన పని తాను చేసింది. సెట్టింగ్స్ పట్టించుకోనిది నేనే.

ఏ రకం తీసుకోవాలి?

మామూలు రిమోట్ అలారం సైరన్ మోగించి ఊరుకుంటుంది. టూ-వే రిమోట్ అయితే మీ చేతిలోని రిమోట్‌కి కూడా సిగ్నల్ పంపుతుంది, కానీ రేంజ్ దాటితే అంతే. దూరం నుంచి అలర్ట్ కావాలంటే సిమ్ వేసే మోడల్ తీసుకోవాలి. అందులోనూ 4జీ మోడలే చూడండి. చవకగా దొరికే 2జీ యూనిట్లలో జియో సిమ్ పనిచేయదు, ఎందుకంటే జియోకి 2జీ నెట్‌వర్కే లేదు.

యాప్ నోటిఫికేషన్‌తో పాటు ఫోన్ కాల్, ఎస్ఎంఎస్ అలర్ట్ కూడా ఉండాలి. తిరునాళ్ల రద్దీలో డేటా నత్తనడక నడుస్తుంది. అలాంటప్పుడు మూడింటిలో ఏదో ఒకటైనా అందే అవకాశం ఉంటుంది.

ఫిట్టింగ్‌లో చూసుకోవాల్సినవి

షాక్ సెన్సార్ రెండు దశలదై ఉండాలి. చిన్న అదురుకి చిన్న బీప్, గట్టి దెబ్బకే ఫుల్ సైరన్. బిగించాక అద్దం మీద అరచేత్తో తట్టి, పక్కనుంచి లారీ వెళ్లేటప్పుడు గమనించి సెన్సిటివిటీ తగ్గించుకోండి.

ఇంజిన్ కట్ రిలే పెట్టిస్తే స్టార్టర్ లైన్‌కే పెట్టించండి. ఫ్యూయల్ పంప్‌కి పెడితే పొరపాటున కమాండ్ వెళ్లినా, రిలే పాడైనా కారు రన్నింగ్‌లోనే ఆగిపోవచ్చు. వైర్లు కోయకుండా కప్లర్‌తో కలిపే కిట్ అయితే మంచిది. అయినా ముందు వారంటీ సంగతి సర్వీస్ సెంటర్‌లో అడగండి.

బ్యాటరీ లెక్క కూడా చూడాలి. స్టాండ్‌బైలో 20 మిల్లీ ఆంపియర్లు లాగే యూనిట్ రోజుకి దాదాపు అర ఆంపియర్-అవర్ తినేస్తుంది. నెల రోజులు కారు తీయకపోతే 45 ఏహెచ్ బ్యాటరీలో మూడో వంతు ఖాళీ!

ఫోన్‌లో ఏం మార్చాలి?

ఆండ్రాయిడ్‌లో అలారం యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి, లేకపోతే అలర్ట్ ఆలస్యంగా రావచ్చు. డోర్ అలర్ట్‌కీ షాక్ అలర్ట్‌కీ వేర్వేరు రింగ్‌టోన్లు పెట్టండి. ఆ ఆప్షన్ లేని యాప్ అయితే ఆ మోడల్ జోలికే వెళ్లొద్దు. షాక్‌కి నోటిఫికేషన్ చాలు, డోర్ తెరిస్తే మాత్రం కాల్ రావాలి.

ఇప్పుడు మా కారుకి ఇలాగే సెట్ చేశా. అలర్ట్‌లు బాగా తగ్గాయి, అందుకే వచ్చిన ప్రతిదాన్నీ చూస్తున్నా. ఇంకో మాట... ఎంత మంచి అలారం ఉన్నా బ్యాగు మాత్రం సీట్లో వదలకండి. అమ్మ ఆ రోజే చెప్పింది, నేనే వినలేదు.