ఏజెంట్ రాసే కోడ్‌కు పాత కట్టుబాట్లే కాపలా

చెప్పిన పనికి కావాల్సిన ఫైళ్లను తానే చదివి, కోడ్ రాసి, నడిపి చూసి, తప్పొస్తే సవరించుకునే కృత్రిమ మేధ ప్రోగ్రామును కోడింగ్ ఏజెంట్ అంటారు. దీనికి వేగం ఎక్కువ. కానీ తప్పు కోడ్‌ను కూడా ఒప్పు కోడ్ అంత ధీమాగానే అప్పగిస్తుంది. అందుకే మనుషులు చేసే తప్పులను పట్టడానికి ఏర్పడిన పద్ధతులు దీనికీ అక్కరకొస్తున్నాయి.

ఈ పద్ధతులకు దశాబ్దాల చరిత్ర ఉంది. ఒకరు రాసిన కోడ్‌ను ఇతరులు క్రమపద్ధతిలో తనిఖీ చేసే విధానాన్ని ఐబీఎం ఇంజినీరు మైకేల్ ఫాగన్ 1976లో ప్రచురించాడు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ అనే సాధనం, కోడ్‌లోని ప్రతి మార్పునూ నమోదు చేసి, కావాలంటే వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. ఇతర పరిశ్రమల్లోనూ ఇదే తీరు: నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతిని 2002లో పొందిన హోసూరు టీవీఎస్ మోటార్ లాంటి కర్మాగారాల్లో నాణ్యతను బండి తయారయ్యాక కాక, తయారీలోని ప్రతి దశలోనూ చూస్తారు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే; ఏజెంట్‌తో చేసే పనిలో ఆ దశలు ఐదు.

మొదటి దశ, అవసరాన్ని స్పష్టంగా రాయడం. ‘లాగిన్ బాగుచెయ్యి’ అంటే ఏజెంట్ తనకు తోచింది చేస్తుంది. ‘పాస్‌వర్డ్ 5 సార్లు తప్పితే ఖాతా 15 నిమిషాలు ఆగాలి’ అంటే ఫలితాన్ని సరిచూడవచ్చు. ప్రాజెక్టు నియమాలను ఒక ఫైలులో రాసి ఉంచితే ప్రతిసారీ చెప్పే పని తప్పుతుంది.

రెండోది, పనిని చిన్న ముక్కలు చేయడం. వేల వరుసల మార్పును ఒకేసారి ఇస్తే దాన్ని ఎవరూ శ్రద్ధగా చదవలేరు.

మూడోది, కోడ్ సరిగా పనిచేస్తోందో సరిచూసే టెస్టులను కోడ్ కంటే ముందే రాయడం. టెస్టు నెగ్గడం కోసం ఏజెంట్ ఒక్కోసారి ఆ టెస్టునే మార్చేస్తుంది. కాబట్టి టెస్టు ఫైళ్లలో మార్పులను విడిగా చూడాలి.

నాలుగోది, రివ్యూ, అంటే మార్పులను మనుషులు చదివి తనిఖీ చేయడం. మైక్రోసాఫ్ట్‌కు చెందిన కోడ్ నిల్వ వేదిక గిట్‌హబ్, 2025 మేలో కోపైలట్ కోడింగ్ ఏజెంట్‌ను ప్రకటించింది. అది అసలు కోడ్ జోలికి పోకుండా వేరే బ్రాంచ్‌లో (కోడ్‌కు విడి ప్రతిలో) పనిచేసి, మార్పులను పుల్ రిక్వెస్ట్‌గా, అంటే అసలు కోడ్‌లో కలపమనే అభ్యర్థనగా, మనుషుల ముందు పెడుతుంది. ఆమోదం తప్పనిసరి చేసిన ప్రాజెక్టుల్లో పని పురమాయించిన వ్యక్తి ఆమోదం లెక్కకు రాదు; మరొకరు చూడాలి.

ఐదోది, అధికారాలకు హద్దు. 2025 జులైలో రెప్లిట్ అనే సంస్థ కోడింగ్ ఏజెంట్, మార్పులు చేయొద్దని చెప్పినా ఒక వినియోగదారు అసలు డేటాబేస్‌నే చెరిపేసింది. మాటతో ఆపడం కంటే ఆ అనుమతి ఇవ్వకపోవడమే మేలు.

ఒక్కసారి వాడి పారేసే చిన్న ప్రోగ్రాముకు ఇవన్నీ అక్కర్లేదు. డబ్బు, వైద్యం, వ్యక్తిగత వివరాలతో ముడిపడిన చోట మాత్రం ఏ దశనూ వదలకూడదు. కోడ్ ఎవరు రాసినా, దాన్ని ఆమోదించిన వారే బాధ్యులు.