మర్రి కింద సూర్యబింబాలు

హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రోడ్డు మీద, మొయినాబాదుకూ చేవెళ్ళకూ మధ్య, నిజాముల కాలంనాటి మర్రిచెట్లు చాలా ఉన్నాయి. ఎప్పుడైనా మిట్టమధ్యాహ్నం అటు వెళితే ఒక మర్రి కింద నిలబడి నేలకేసి చూడండి. నీడలో అక్కడక్కడ ఎండ చుక్కలు పడి ఉంటాయి. ఆకుల మధ్య సందులు ఒకటి మూడు మూలలుగా, ఇంకొకటి చీలికలా, రకరకాలుగా ఉన్నాయి. మరి చుక్కలు చాలావరకు గుండ్రంగా ఎందుకున్నాయి?

ఎందుకంటే అవి సూర్యుడి బొమ్మలు! వెలుతురు చిన్న సందులోంచి దూరి వచ్చినప్పుడు, అది ఎక్కడినుంచి బయలుదేరిందో ఆ వస్తువు బొమ్మను తలకిందులుగా వేస్తుంది. సూర్యగ్రహణం నాడు యీ చుక్కలన్నీ నెలవంకలైపోతాయి. కెమెరా చేసేదీ ఇదే. సందుకు ఒక కటకం అమర్చి, బొమ్మ పడేచోట వెలుతురును పట్టుకునే ఏర్పాటు చేశారు, అంతే.

కెమెరా ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉన్నది. "బాగానే ఉంది, కాని ఫోటోలు తీస్తే కడుపు నిండుతుందా?" అని మీ నాన్నగారు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు దూరాన లేదు, సికిందరాబాదులోనే ఉన్నది.

లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్ళో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు నేర్చుకుని, ఇండోరులో ప్రభుత్వ మరామతుల శాఖలో నక్షాలు గీసే పనిలో చేరాడు. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం. 1870లలో ఆయన కెమెరా పట్టాడు. నక్షాలు గీసిన అలవాటు వృథా పోలేదు. ఆయన తీసిన కోటల ఫోటోలూ, గుళ్ళ ఫోటోలూ చూడండి: ఏ స్తంభం ఎక్కడ నిలవాలో, నీడ ఎంత మేర పడాలో కొలిచి పెట్టినట్టుంటుంది. చివరకు ఉద్యోగం వదిలేశాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారులో ఛాయాచిత్రకారుడయ్యాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరిచాడు.

అయితే ఆయన దర్బారు ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేదు. రాజభవనాలూ, వేటలూ, సైన్యాల కవాతులూ తీశాడు. ఫోటో కోసం స్టూడియోకు వచ్చిన కుటుంబాలకు ఫోటోలు తీశాడు. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ళ ముందు ఫోటోకు కూర్చోరు కదా! వారి కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో వెలిసింది.

ఆ కాలపు స్టూడియోల్లో పెద్ద పెద్ద విద్యుద్దీపాలు లేవు. అద్దాల కప్పులోంచి వచ్చే ఎండను తెరలతో తగ్గించి, హెచ్చించి వాడుకునేవారు. వెనక ఉద్యానవనమో, భవనమో చిత్రించిన తెర వేలాడేది. ఏ కుర్చీ వెయ్యాలి, చెయ్యి ఎక్కడ ఆనించాలి, చీర అంచు ఎటు పడాలి - ఇవన్నీ ముందే నిర్ణయించాలి. ఇలా ఫోటోకు కావలసిన లోకాన్ని అమర్చటాన్నే సినిమావాళ్ళు కళాదర్శకత్వం అంటారు.

1957లో వచ్చిన "మాయాబజార్" చూశారు గదా! దానికి కెమెరా పట్టినవాడు మార్కస్ బార్ట్‌లీ. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. యీ గోఖలే చిత్రకారుడే కాదు, కథలు కూడా రాశాడు. అది నలుపు తెలుపు చిత్రం. అలాంటి చిత్రంలో ఎరుపు గోడా, ఆకుపచ్చ తెరా ఒక్కోసారి ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. మీ ఇంట్లో ఒక టమాటానూ, ఒక ఆకునూ పక్కపక్కన పెట్టి, ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూడండి, మీకే తెలుస్తుంది. కళాదర్శకుడికి కెమెరా కన్ను తెలియాలి, కెమెరామనిషికి రంగుల సంగతి తెలియాలి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఘటోత్కచుడి మాయ పారేది కాదు.

దీన్‌దయాళ్ 1905లో పోయాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తీసుకుని భద్రపరిచింది. ఆయన ఫోటోల మీద చాలావాటికి ఒక అంకె, స్థలం పేరు, తన పేరు ఉంటాయి. అందుకే ఏది ఎక్కడిదో ఇప్పటికీ పోల్చుకోగలుగుతున్నారు.

చేవెళ్ళ మర్రుల విషయంలో కూడా ఇది పనికివచ్చింది. రోడ్డు వెడల్పు చెయ్యటానికి చెట్లను తొలగించాలనే మాట వచ్చినప్పుడు, చెట్లను ప్రేమించేవాళ్ళు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. "అక్కడ చాలా చెట్లున్నాయి" అంటే ఎవరూ వినరు. ఏ చెట్టు, రోడ్డుకు ఏ పక్క, ఎన్నో మైలురాయి దగ్గర అన్నది చెప్పాలి.

మీరు ఆ దారిన పోతే ఒక మర్రిని ఎంచుకోండి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, రోడ్డుకు దూరంగా నిలబడి, ఉదయం ఒక ఫోటో, సాయంత్రం ఒక ఫోటో తియ్యండి. తరవాత అదే చెట్టును ఊడలతో సహా పెన్సిలుతో గీయండి. మొదలు చుట్టుకొలత తాడుతో కొలవండి. తేదీ, ఊరు, చెట్టు రోడ్డుకు ఏ పక్కన ఉన్నదీ బొమ్మ వెనక రాసిపెట్టుకోండి.