చక్రం మూలిగితే చెవి పెట్టండి

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నారు పెద్దలు. ఎడ్లబండి రోజుల్లో ఇరుసు కిర్రుమంటే కాస్త కందెన పూసి సాగిపోయేవారు. కారు వచ్చాక ఆ కందెన బేరింగు లోపలికి చేరింది. గ్రీజు నింపి, రెండు వైపులా సీలు వేసి కంపెనీలోనే మూసేస్తారు. అందుకే ఇప్పుడు సంగీతం మొదలైందంటే పూయడానికేమీ ఉండదు. మార్చడమే!

మాది గౌలిపుర. ఇటు లాల్‌దర్వాజ, అటు శాలిబండ. మా సందుల్లో కారు 20 దాటితే గొప్ప. ఆ వేగంలో బేరింగు ఎంత ఏడ్చినా హారన్ల మధ్య వినపడదు. మా కారు ముందు చక్రం రోగం కూడా బస్తీలో బయటపడలేదు. చాంద్రాయణగుట్ట దాటి, విమానాశ్రయం వైపు రోడ్డెక్కి 60 అందుకున్నాక ‘ఊఁ...’ అంటూ ఒకటే మోత. వెనక సీట్లోంచి మా అమ్మ “ఏందిరా ఆ సప్పుడు?” అంది. వేగం పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చినా ఆగలేదు. అంటే అది ఇంజినుది కాదు, చక్రాలది.

దారిలో ఓ టైర్ల షాపులో చూపిస్తే, “నాలుగు టైర్లూ మార్చేయండి సార్” అన్నారు. వేల రూపాయల మాట! ఇంటికొచ్చి మా గల్లీ మెకానిక్‌ని అడిగాను.

“టైరు సప్పుడైతే రోడ్డు మారితే మారుతది అన్నా. ఇది మారుతలేదంటున్నవ్ గదా, బేరింగే అయి ఉంటది. ఏ దిక్కుదో సూద్దాం పా” అన్నాడు.

అతను చేసిన పరీక్షలు మీరూ చేసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు మెల్లగా ఎడమకు, కుడికి తిప్పి చూడాలి. ఎడమకు తిప్పితే కారు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎక్కువసార్లు కుడి బేరింగే దోషి. తర్వాత జాకీ, కింద స్టాండు పెట్టి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. టకటకమని ఆడితే, ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కినప్పుడు ఆట ఆగితే బేరింగును అనుమానించాలి. ఆగకపోతే బాల్ జాయింటు వైపు చూడాలి. చివరగా ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచి, రెండో చేత్తో చక్రం తిప్పాలి. బేరింగు పాడైతే ఇసుక నలిగినట్టు గరగర వేళ్లకు తెలుస్తుంది. మా కారు కుడి చక్రం దగ్గర నాకూ స్పష్టంగా తెలిసింది. ఇక స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే కటకటమంటే అది వేరే జబ్బు, డ్రైవ్ షాఫ్టు జాయింటుది.

బేరింగు ఎందుకు పాడవుతుంది? గుంతల దెబ్బలు, వయసు, నీళ్లు. మూడోది పాతబస్తీ వాళ్లకు బాగా తెలిసిన శత్రువు. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఇక్కడి బస్తీల్లో ఎన్ని బండ్లు నానాయో ఎవరూ మరిచిపోలేదు. పరుగెత్తి వేడెక్కిన బేరింగు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే, లోపలి గాలి ముడుచుకుని సీలు సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. గ్రీజు చెడుతుంది, గుండ్లు దొర్లే దారికి తుప్పు పడుతుంది. మోత మాత్రం వారాల తర్వాత వినిపిస్తుంది. అప్పటికి వాన సంగతే గుర్తుండదు.

ఇక మార్చడం. కారు నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కి పట్టి మధ్యలోని పెద్ద నట్టు వదులు చేస్తారు. ఆ తర్వాత కారును అంగుళం కూడా కదపకూడదు. చక్రం విప్పి, బ్రేకు క్యాలిపర్ తీసి తీగతో పైకి కట్టాలి. గొట్టం మీద వేలాడితే బ్రేకుకే ముప్పు. డిస్కు తీసి, నకిల్‌ను ఊడదీస్తారు. అసలు పరీక్ష ఇక్కడే. బేరింగు నకిల్‌లో చాలా బిగువుగా కూర్చుని ఉంటుంది. సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్లు లేకపోలేదు. మా మెకానిక్ మాత్రం నకిల్ సంచిలో వేసుకుని ప్రెస్ ఉన్న లేత్ షాపుకు నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.

“సుత్తె దెబ్బ మనకు కనవడదన్నా, గుండుకు తెలుస్తది” అన్నాడు దారిలో.

నిజమే. దెబ్బ బలం గుండ్ల మీదుగా పోతే నున్నటి దారిలో కంటికి ఆనని సొట్టలు పడతాయి. కొత్త బేరింగు కొద్ది నెలల్లోనే మళ్లీ మూలుగుతుంది. అందుకే నకిల్‌లోకి నొక్కేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పెట్టాలి. హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆసరా ఇవ్వాలి. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగు ఒక వైపు అయస్కాంతపు రింగు ఉంటుంది. అది సెన్సారు వైపు రావాలి. తిరగేసి పెడితే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మొత్తం పని మళ్లీ మొదటికి. కొన్ని కార్లలో ఈ బాధ లేదు. హబ్, బేరింగు ఒకటే ముక్కగా వస్తాయి, బోల్టులు విప్పి మార్చడమే. చివర్లో కొత్త నట్టు వేసి, కంపెనీ చెప్పిన లెక్కకు టార్క్ రెంచితో బిగించాలి.

ఈ గుండ్ల కథ పాతదే. బండి ఇరుసుకు గుండ్లు వాడే పద్ధతికి వేల్స్‌లో ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు తీసుకున్నాడు. స్వీడన్‌లో ఎస్‌కేఎఫ్ 1907లో పుట్టింది. మన దేశంలో జైపూర్‌లోని నేషనల్ ఇంజినీరింగ్ ఇండస్ట్రీస్ 1946 నాటిది, దాని ఎన్‌బీసీ పేరు మెకానిక్‌లందరికీ పరిచయమే. పేరున్న బ్రాండ్లకు నకిలీలూ ఎక్కువే కనుక బిల్లిచ్చే డీలరు దగ్గరే కొనండి.

“కొన్నాళ్లు ఇట్లనే నడిపిస్తే ఏమైతది?” అని అడిగాను.

“నడుస్తది అన్నా. ఎన్నాళ్లో మాత్రం చెప్పలేం” అన్నాడు.

మోత ముదిరితే ఆట పెరుగుతుంది, బ్రేకు సరిగా పట్టదు. ఆటతో వేడి పెరిగి, చివరికి బేరింగు పట్టేయడమో, చక్రమే ఊడిపోవడమో జరగొచ్చు. అది 20 వేగంతో మా సందులో జరగదు, పిల్లాపాపలతో శ్రీశైలం ఘాట్‌లో దిగుతున్నప్పుడు జరుగుతుంది. కాబట్టి పాటల శబ్దం పెంచి ఆ మోతను కప్పెట్టకండి. ఈసారి ఖాళీ రోడ్డు దొరికినప్పుడు స్టీరియో కట్టేసి, అద్దాలు దించి, రెండు నిమిషాలు మీ కారు మాట వినండి.