పాత ట్రాక్టరునుండి ఇంజనును దించు విధము

పాతబడిన ట్రాక్టరుకు పెద్ద మరమ్మతు వచ్చినపుడు పట్టణపు కార్ఖానాకు పంపు ఖర్చునకు వెఱచి, రైతులు ఇంటియొద్దనే ఇంజను దింపించుట మేము పలు గ్రామములలో చూచుచున్నాము. ఇందు తప్పు లేదు. కాని లారీ ఇంజను దించిన అనుభవముతో ట్రాక్టరు ఇంజనుపై చేయి వేయుట ప్రాణములతో చెలగాటమాడుట యగును. ఏలయనగా ఈ రెండింటి కట్టడియే వేఱు.

లారీకి ముందునుండి వెనుకవఱకు ఇనుప చట్టము గలదు. ఇంజను దానిపై కూర్చుండును. ఇంజను తీసివేసినను బండి తన చక్రములమీద నిలిచియే యుండును. వ్యవసాయపు ట్రాక్టరులలో చాల వానికి అట్టి చట్టము లేదు. ముందు ఇరుసు ఇంజను ముఖమునకును, క్లచ్చి, గేరుపెట్టెల డొల్ల ఇంజను వీపునకును బోల్టులతో బిగింపబడి యుండును. ఇంజనే బండికి వెన్నెముక. 1917 లో హెన్రీ ఫోర్డు పెద్దయెత్తున తయారుచేయ నారంభించిన ఫోర్డుసన్ ట్రాక్టరుతో ఈ పద్ధతి బాగుగ వ్యాపించినది. ఇట్టి బండిలో ఇంజను బోల్టులు విప్పుట యనగా నడుమ దూలమును లాగివేయుటయే. ఆధారము పెట్టనిచో ముందు భాగము ఒక ప్రక్కకు, వెనుక భాగము మఱియొక ప్రక్కకు పడును. నడుమ నున్నవాడు నలిగిపోవును.

కావున మొదట అడుగవలసిన ప్రశ్న, ఇంజను దింపవలసిన అవసర మున్నదా యని. క్లచ్చి పలక మార్చుటకు బండిని ఇంజను వెనుక విడదీసిన చాలును. పిస్టను రింగుల పనిని పెక్కు నమూనాలలో పైన హెడ్డును, క్రింద నూనె తొట్టిని తీసి, ఇంజను బండిలో నుండగనే చేయవచ్చును. బ్లాకు పగిలినపుడో, క్రాంకు షాఫ్టును సానబట్టింపవలసి వచ్చినపుడో దింపుట తప్పదు. దింపక తీరునని మిస్త్రీ చెప్పినచో ఆ మాట విని సంతోషింపవలెను. కొందఱు రైతులు దానిని పనితప్పించుకొనుటగా భావింతురు. అది న్యాయము గాదు.

దింపక తప్పదేని, గట్టి చదునైన నేల కావలెను. దున్నిన నేలమీదను, తడిసిన కళ్ళములోను ఈ పని పెట్టుకొనరాదు. వెనుక తగిలించిన నాగళ్ళు, గొఱ్ఱులు, ముందు కట్టిన బరువులు తీసివేయవలెను. వెనుక చక్రములకు ముందును వెనుకను ఏటవాలుగా చెక్కిన కొయ్యలు బిగింపవలెను. బ్యాటరీ తీగెలలో బండి శరీరమునకు బిగించిన దానిని ముందు విప్పవలెను. రెండవదానిని ముందు విప్పునపుడు స్పానరు ఇనుమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును. రేడియేటరు మూతను ఇంజను పూర్తిగ చల్లారిన పిదపనే తీయవలెను. నీరును, నూనెను దించి, డీజిలు కొళాయి కట్టివేయవలెను. ఆ దరిదాపుల బీడీ పనికిరాదు. బానెట్, రేడియేటరు, స్టీరింగు కడ్డీ, నూనె గొట్టములు, తీగెలు ఒక్కొక్కటిగా విప్పి గుర్తుగా చీటీలు కట్టవలెను.

ఇక అసలు ప్రమాదము ముందు ఇరుసుననే యున్నది. గతుకులలో చక్రములు పైకి క్రిందికి ఆడుటకై ఆ ఇరుసు నడుమ ఒక్క మేకుపై ఊగునట్లు అమర్పబడినది. బండిని విడదీసిన క్షణమున ఆ ఊగుటయే పడద్రోయును. ఇరుసునకును, దాని పై దిమ్మకును నడుమ ఇరుప్రక్కల గట్టి కొయ్యముక్కలు దిగగొట్టి ఆ కదలికను మాన్పవలెను. అప్పటికిని అది ఎడ్లు విప్పిన బండివలె ముందు వెనుకలకు వాలును. దానికి క్రింద ఊత పెట్టి, ఇద్దఱు పట్టుకొని, ముందునకు దొర్లింపవలెను.

అంతకు ముందే క్లచ్చి డొల్ల క్రింద ఇనుప ఊతకాళ్ళు నిలిపి, ఇంజనును గొలుసుకప్పీకి తగిలించి యుండవలెను. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు గాదు. ఇటుకలు పేర్చుట మఱియు నపాయము. భారము పడగానే అవి పొడియగును. ఇనుప కాళ్ళు లేనిచో మందపు కొయ్యదుంగలను అడ్డము నిలువుగా పేర్చవలెను. మూడు సిలిండర్ల డీజిలు ఇంజను 200 కిలోలకు పైబడి తూగును. దానిని వేపకొమ్మకు వ్రేలాడదీయరాదు. గొలుసును ఇంజనుపై నున్న ఎత్తు కొక్కెములకే తగిలింపవలెను. పొగగొట్టపు అమరికకు గాని, పై మూతకు గాని చుట్టరాదు. మూడు కాళ్ళ చట్టము నిట్టనిలువుగా ఎత్తుటకు పనికివచ్చును, ప్రక్కకు లాగినచో బోర్లపడును. ట్రాక్టరు ఇంజనును ముందునకు జరుపక తీయ వీలుపడదు గనుక చక్రముల క్రేనును బాడుగకు తెచ్చుట మేలు.

ముందు ఇరుసు తొలగిన తరువాత క్లచ్చి డొల్ల బోల్టులు విప్పవలెను. గేరుపెట్టెనుండి వచ్చు షాఫ్టు క్లచ్చి పలకలో దూరి యుండును. ఇంజనును వంచక, సరిగా ఆ షాఫ్టు వరుసనే ముందునకు తీయవలెను. దాని భారము షాఫ్టుపై వ్రేలాడినచో షాఫ్టు గాని, పలక గాని చెడును. ఊడి రాకున్న గడ్డపాఱతో పెకలింపరాదు. ఎచ్చటనో ఒక బోల్టు మిగిలియే యున్నదన్న మాట. మసి క్రింద దాగిన బోల్టును వెదకుడు. సందులో వ్రేళ్ళు పెట్టి చూడకుడు. ఇంజనును జానెడెత్తుననే నడిపింపవలెను. దాని క్రింద కాలైనను ఉండరాదు.

పాత క్లచ్చి పలకలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. గాలి గొట్టముతో ఊదక తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పాతిపెట్టవలెను.

దించిన ఇంజనును రేకు నూనెతొట్టిపై ఆన్పక, ఇరువైపుల దుంగలపై నిలుపవలెను. గేరుపెట్టె నోటికి శుభ్రమైన గుడ్డ కట్టవలెను. ఇంజను తిరిగి వచ్చుటకు వారములు పట్టవచ్చును. అంతవఱకు విడదీసిన రెండు భాగములును ఊతలమీదనే యుండును గనుక, పిల్లలు ఎక్కి ఆడకుండ చుట్టును ముండ్లకంప వేయింపుడు.