తెర చెప్పిన మాట కంప్యూటర్‌కు వినపడకపోతే

జార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌కు ఉపాధి వెతుక్కుంటూ వెళ్లి, అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడిన తరువాత మొదలైన వలస అది. ఆ ఇళ్లలోని ఇప్పటి పిల్లలు ఎక్కువగా హిందీ, ఇంగ్లిషుల్లో చదువుకుంటారు. వాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలు పరిచయమయ్యేది ఇంట్లోనే.

ఆ నగరంలోని బారిడీహ్‌లో అలాంటి ఒక ఇల్లు ఉందనుకుందాం. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నడిపే అర్హత ఆ యంత్రానికి లేదు. పారేయడానికి మనసొప్పక అందులో లినక్స్ వేశారు. అన్నీ బాగానే పనిచేస్తున్నాయి, ఒక్క తెర తప్ప. అక్షరాలు బండగా, మసకగా కనిపిస్తున్నాయి. గుండ్రటి సున్న కోడిగుడ్డులా అడ్డంగా సాగింది. సెట్టింగుల్లో వెతికితే 1024×768 కన్నా పెద్ద రిజల్యూషన్ లేదు.

మానిటర్ పాడైందని ఒకరంటారు, లినక్స్ అంటే ఇంతేనని మరొకరంటారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ నిజం కావు. ఆ రెండింటి మధ్య జరగాల్సిన చిన్న సంభాషణ ఎక్కడో తెగిపోయి ఉంటుంది.

సున్న ఎందుకు సాగింది?

ఎల్‌సీడీ తెర మీద చుక్కలు, అంటే పిక్సెళ్లు, తయారీలోనే స్థిరపడిపోతాయి. 1366×768 మానిటర్‌లో అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు ఉంటాయి. వాటిని పెంచలేం, తగ్గించలేం. కంప్యూటర్ 1024×768 బొమ్మను పంపితే నిలువు లెక్క సరిపోతుంది. అడ్డంగా మాత్రం 1024 చుక్కలను 1366 గడుల్లో సర్దాలి. ఒక్కో చుక్కకు సుమారు ఒకటింబావు గడికి పైగా వస్తుంది. గడిని ముక్కలు చేయలేం కనుక మానిటర్ పక్కపక్క చుక్కల రంగులను కలిపి నింపుతుంది. మసక అలా వస్తుంది. బొమ్మ అడ్డంగా మూడో వంతు సాగడంతో సున్న కోడిగుడ్డవుతుంది.

తెలుగు లిపికి ఈ దెబ్బ కాస్త గట్టిగానే తగులుతుంది. ప, ఫ అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత. ద, ధ మధ్య తేడా కూడా అంతే. వత్తులు ఇంకా చిన్నవి. అలవాటైన కళ్లు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాయి. కొత్తగా అక్షరాలు దిద్దుతున్న పిల్లలకు ఆ వీలు ఉండదు.

128 బైట్ల పరిచయ పత్రం

తన కొలతలేమిటో మానిటరే కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది. ఇందుకోసం వీడియో ప్రమాణాల సంఘం వెసా 1994లో ఒక పద్ధతిని తెచ్చింది. దాని పేరు ఈడీఐడీ. మానిటర్‌లోని చిన్న మెమరీ చిప్‌లో 128 బైట్ల సమాచారం ఉంటుంది. తయారీదారు ఎవరు, ఏ సంవత్సరంలో తయారైంది, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ రిజల్యూషన్ తనకు అన్నిటికన్నా నప్పుతుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. మొత్తం 128 బైట్లను కూడితే వచ్చే సంఖ్య 256తో నిశ్శేషంగా భాగించబడాలి. అలా కాకపోతే సమాచారం దారిలో చెడిందని కంప్యూటర్ గుర్తిస్తుంది.

ఈ చిప్‌కు కావలసిన 5 వోల్టుల విద్యుత్తును కంప్యూటరే కేబుల్ ద్వారా పంపగలదు. అందుకే మానిటర్ ఆపేసి ఉన్నా పరిచయ పత్రాన్ని చదవడం సాధ్యమే. నీలం రంగు వీజీఏ కేబుల్‌లోని 15 పిన్నుల్లో 12వది, 15వది ఈ సంభాషణకే కేటాయించినవి. వాటిలో ఒకటి వంగినా, చవక కేబుల్‌లో ఆ తీగలు లేకపోయినా బొమ్మ వస్తుంది కానీ సమాచారం రాదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్లు, ఒక సిగ్నల్‌ను రెండు తెరలకు పంచే స్ప్లిటర్లు కూడా కొన్నిసార్లు దీన్ని అడ్డుకుంటాయి.

పరిచయ పత్రం అందనప్పుడు లినక్స్ కెర్నెల్ సాహసం చేయదు. దాదాపు ఏ మానిటరైనా చూపగలిగే 1024×768 దగ్గర ఆగిపోతుంది. ఆ యంత్రంలో జరిగింది అదే కావచ్చు.

ముందు లోపం ఎక్కడో చూడాలి

ఆదేశాలు టైపు చేయడానికి ముందు చేయాల్సిన పరీక్షలు మూడున్నాయి. మొదటిది కేబుల్. రెండు చివరలూ తీసి, పిన్నులు చూసి, గట్టిగా బిగించాలి. వీలైతే మరో కేబుల్‌తో, మధ్యలో కన్వర్టర్ లేకుండా ప్రయత్నించాలి.

రెండోది డ్రైవర్. సెట్టింగుల జాబితాలో ఒకే ఒక్క రిజల్యూషన్ కనిపిస్తే గ్రాఫిక్స్ చిప్‌కు తగిన డ్రైవర్ పనిచేయడం లేదని అనుమానించవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుంటే 'నోమోడ్‌సెట్' అనే మాట బూట్ వరుసలో ఉండిపోయి ఇలా జరుగుతుంది. దాన్ని తీసేసి, డ్రైవర్ సరిచేస్తే చాలు.

మూడోది పరిచయ పత్రం. 'సిస్' ఫోల్డర్‌లోని 'క్లాస్'లో, అందులోని 'డీఆర్‌ఎం'లో ప్రతి వీడియో పోర్టుకూ ఒక ఈడీఐడీ ఫైలు ఉంటుంది. ఫైళ్ల జాబితాలో దాని పరిమాణం ఎప్పుడూ సున్నగానే కనిపిస్తుంది, కాబట్టి తెరిచి బైట్లు లెక్కించాలి. 128 లేదా 256 వస్తే మాట అందుతున్నట్టే. నిజంగానే సున్న వస్తే సంభాషణ తెగినట్టు.

మన నోటితో చెప్పడం

కేబుల్ మార్చినా ఫలితం లేకపోతే కొలతలు మనమే చెప్పవచ్చు. 'సీవీటీ' అనే ఆదేశానికి రిజల్యూషన్ ఇస్తే అది సిగ్నల్ లెక్కలు కట్టి పెడుతుంది. ఆ వరుసను 'ఎక్స్‌రాండర్' ఆదేశంతో కొత్త మోడ్‌గా నమోదు చేసి, సరైన పోర్టుకు జోడించి, అమలు చేయాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది. శాశ్వతంగా కావాలంటే లాగిన్ అయినప్పుడు నడిచే స్క్రిప్టులో రాసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. 1920×1080 తెర కోసం సీవీటీ కట్టే లెక్కలో వరుసకు 1920 కాదు, 2576 చుక్కల సమయం ఉంటుంది. మొత్తం వరుసలు 1120. సెకనుకు 60 సార్లు అంటే దాదాపు 17 కోట్ల 30 లక్షల చుక్కలు. ఈ అదనపు సమయం పాత పిక్చర్ ట్యూబుల నాటిది. ఎలక్ట్రాన్ పుంజం ఒక వరుస గీసి మళ్లీ మొదటికి రావడానికి వ్యవధి కావాలి. ఎల్‌సీడీలో పుంజమే లేదు, అంత విరామం అక్కర్లేదు. పాత హెచ్‌డీఎంఐ, సింగిల్ లింక్ డీవీఐ పోర్టుల పరిమితి సెకనుకు 16 కోట్ల 50 లక్షల చుక్కలు. దాంతో ఆ లెక్క వాటిలో ఇమడదు, తెర నల్లగా ఉండిపోవచ్చు. సీవీటీకి విరామం తగ్గించమని చెబితే వరుసకు 2080 చుక్కలు చాలు. మొత్తం 13 కోట్ల 85 లక్షలకు దిగుతుంది.

1366 మరో చిక్కు సంఖ్య. సీవీటీ అడ్డం కొలతను ఎనిమిదేసి చుక్కల మెట్లుగా లెక్కిస్తుంది. 1366ను 8 నిశ్శేషంగా భాగించదు. అందుకే అది 1368 ఇస్తుంది. రెండు చుక్కల తేడాకే అక్షరాల అంచులు కొద్దిగా మసకబారవచ్చు. అప్పుడు మానిటర్ మెనూలోని ఆటో అడ్జస్ట్‌ను ఒకసారి నొక్కి చూడాలి.

ఇప్పటి ఉబుంటూ, ఫెడోరాలు మామూలుగా వేలాండ్ అనే కొత్త పద్ధతిలో నడుస్తాయి. అక్కడ ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ చేర్చలేం. కెర్నెల్ బూట్ వరుసలో 'వీడియో' అనే మాట పక్కన పోర్టు పేరు, రిజల్యూషన్ రాయాలి. అదే రకం మానిటర్ నుంచి తీసిన ఈడీఐడీ ఫైలును కెర్నెల్‌కు అందించే మార్గమూ ఉంది. చెన్నైలోని సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ సహా, ఏ లినక్స్‌లోనైనా తెర లెక్కలు చూసేది ఈ కెర్నెలే. కాబట్టి ఒక చోట నేర్చుకున్నది మరో చోటా పనికొస్తుంది.

ఒక చిన్న తీగ తెగినందుకు బాగున్న కంప్యూటర్ ఇ-వ్యర్థాల గుట్టకు చేరనవసరం లేదు. ముందుగా కేబుల్, తరువాత డ్రైవర్, ఆ తరువాతే ఆదేశాలు. ఈ వరుస పాటిస్తే చాలాసార్లు ఖర్చు ఒక కొత్త కేబుల్‌తో ముగుస్తుంది. అప్పుడు బారిడీహ్ ఇంట్లోని ఆ తెర మీద సున్న మళ్లీ గుండ్రంగా ఉంటుంది, ప ఏదో ఫ ఏదో పిల్లలకు తేటగా తెలుస్తుంది.