మాజీ సైనికుల గృహిణు లెరుగవలసిన వైద్యవిధానము

విశాఖపట్టణమున తూర్పు నౌకాదళమునకు ‘కల్యాణి’ యను వైద్యశాల కలదు. కొలువున నున్నంతకాలము నావికుని కుటుంబమున కచ్చటనే చికిత్స లభించును. ఉద్యోగము విరమించి శ్రీకాకుళపు పల్లె చేరినపిమ్మట గుండెజబ్బు వచ్చినచో నేమి గతి?

ఇట్టివారికొరకే 2003 ఏప్రిల్ 1వ తేదీన ఇ.సి.హెచ్.ఎస్. అను చందా ఆరోగ్యపథకము వెలసినది. పింఛనుదారునకే గాక భార్యకును, ఆశ్రితులగు బిడ్డలకును, తల్లిదండ్రులకును ఇది వర్తించును.

సాధారణముగా మొదట కార్డుతో పథకపు పాలీక్లినిక్కునకు పోవలెను. అచ్చటి వైద్యుడు పరీక్షించి, పట్టికలోని ఆసుపత్రి నిపుణునకు సిఫారసుచీటి వ్రాసి యిచ్చును. ఆ చీటి యున్నచో చికిత్సకు రొక్కము చెల్లింప నక్కరలేదు. చీటి లేక నేరుగా పోయినచో వ్యయము మనపై బడవచ్చును.

ప్రాణాపాయమున మాత్రము చీటికై వేచియుండరాదు. సమీపపు ఆసుపత్రికే కొనిపోవలెను. అది పట్టికలో లేనిదైనచో 48 గంటలలో పాలీక్లినిక్కునకు తెలుపవలెను. సొమ్ము ముందు మనమే చెల్లించి, రసీదులు భద్రపరచి, పిమ్మట కోరవలెను. ప్రభుత్వ ధరల మేరకే తిరిగి వచ్చును గాన కొంత నష్టము తప్పకపోవచ్చును.

సోదరీమణులారా! ఇవి పురుషుల వ్యవహారములని యూరకుండరాదు. భర్తకే గుండెనొప్పి వచ్చిన రాత్రి కార్డెచ్చట నున్నదో చెప్పవలసినది మీరే గదా! దాని చోటును, పాలీక్లినిక్కు టెలిఫోను సంఖ్యను, సమీపమున పట్టికలో నున్న ఆసుపత్రి పేరును నేడే తెలిసికొని వ్రాసియుంచుకొనుడు.