రాక్షసబల్లి బొమ్మలు, అట్టపెట్టెలోని అడవి

మన పత్రికలు రాక్షసబల్లులని పిలుచు డైనోసారుల బొమ్మలు నేడు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో దుకాణములయందేగాక జాతరలలో పఱచిన చాపలమీదను రాశులుగా కనబడుచున్నవి. విద్యార్థులు కొందఱు వీనిని ప్రోగుచేసి, చెప్పుల పెట్టెలలో మట్టితోను రంగుకాగితములతోను చిన్న అడవులను గట్టి, అందు వానిని నిలువబెట్టుచున్నారు. ఇట్టి పెట్టెకు డయోరమా యని పేరు. ఇది వట్టి ఆటయా, లేక చదువులో భాగమా యని తలిదండ్రులు పలుమారు మమ్ము అడిగియున్నారు. ఆ ప్రశ్నకు కొంత విపులముగా సమాధానము చెప్పదలచితిమి.

పేరు క్రొత్తదేగాని పని మనకు క్రొత్త కాదు. పండుగలకు బొమ్మలకొలువు తీర్చు ఇండ్లు మన దేశమున ననేకము గలవు. క్రైస్తవుల ఇండ్లలో డిసెంబరు నెల రాగానే గడ్డితో పశువులపాక గట్టి, తొట్టిని, గొల్లలను, గొఱ్ఱెలను అమర్చుట అందఱు చూచినదే. డయోరమా యను మాటను 1822లో పారిసు పట్టణమున డగేరు అను చిత్రకారుడు తన ప్రదర్శనకు వాడెను. పెద్ద తెరమీద చిత్రించిన దృశ్యముపై వెలుతురును మార్చుచు చూపిన వినోద మది. తరువాత ఆ మాట మ్యూజియములకు ప్రాకినది. 1890లో అమెరికాలోని మిల్వాకీ మ్యూజియమున కార్ల్ ఏక్లీ యనునతడు నీటియెలుకలను వాని గూటితోను రెల్లుతోను గూడ నొక అరలో చూపెను. జంతువును దాని యింటితోగూడ చూపవలె నను పద్ధతి అటుపిమ్మట మ్యూజియములలో స్థిరపడెను.

పశువులపాకలో గొల్లవానికంటె గొఱ్ఱె పెద్దదైనను ఎవ్వరును తప్పు పట్టరు. అచ్చట కథ ముఖ్యము. ప్రకృతిశాస్త్రపు పెట్టె అట్టిది కాదు. "ఈ జంతువు ఈ కాలమున ఈ చెట్లనడుమ ఇట్లుండెను" అని అది చెప్పుచున్నది. ఆ చెప్పుట నిజమా కాదా యని అడుగుటకు చూచువారికి హక్కు గలదు. ఈ ప్రశ్న పుట్టిన చోటనే ఆట చదువుగా మాఱుచున్నదని మా అభిప్రాయము.

మొదట బొమ్మల పొట్లమును విప్పి చూతము. పది పండ్రెండు బొమ్మలుండును. అన్నియు ఇంచుమించు ఒకే పొడవు. 12 మీటర్ల టిరన్నోసారసును, అంతకంటె చిన్నదగు స్టెగోసారసును, కోడికంటె ఎంతో పెద్దది కాని కాంప్సోగ్నాతసును అచ్చువేయువాడు సమానముగా చేసివేసినాడు. అంతకంటె పెద్ద చిక్కు కాలమునకు సంబంధించినది. స్టెగోసారసు 15 కోట్ల సంవత్సరముల క్రిందటిది. టిరన్నోసారసు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట అంతరించినది. ఈ రెంటినడుమ 8 కోట్ల సంవత్సరములకు పైగా ఎడమున్నది. అనగా టిరన్నోసారసు కాలమునకు స్టెగోసారసుకంటె మనమే దగ్గఱివారము! అట్టి రెంటిని ఒకే పెట్టెలో యుద్ధమునకు నిలుపుట పిల్లలకెంత ఇష్టమో మాకు తెలియును. అయినను దాని నొప్పుకొనజాలము.

పండితులును మొదట ఇట్లే తడబడిరి. డైనోసారు అను పేరును 1842లో రిచర్డు ఓవెన్ పెట్టెను. భయంకరమైన బల్లి యని దాని యర్థము, మన మాటయు దానిననుసరించినదే. ఆయన సలహాతో వాటర్‌హౌస్ హాకిన్సు అను శిల్పి చేసిన నిలువెత్తు విగ్రహములను 1854లో లండనులోని క్రిస్టల్ ప్యాలెసు తోటలో ప్రదర్శించిరి. అంతకుముందు 1853 డిసెంబరు 31న ఇగువానోడాన్ విగ్రహపు అచ్చులో బల్లలు వేసి పెద్దలకు విందు గూడ చేసిరి. ఆ విగ్రహమునకు ముక్కుమీద నొక కొమ్ముండెను. 1878లో బెల్జియములోని బెర్నిసార్ నేలబొగ్గు గనిలో ఆ జంతువుల సంపూర్ణమైన అస్థిపంజరములు దొరకగా, అది కొమ్ము కాదనియు బొటనవ్రేలి ముల్లనియు తేలినది. విగ్రహము మాత్రము నేటికిని ముక్కుమీది కొమ్ముతోనే నిలిచియున్నది.

వాస్తవమునకు ఇవి బల్లులు కావు. బల్లి కాళ్లు ప్రక్కలకు చాచుకొనియుండును; డైనోసారు కాళ్లు స్తంభములవలె దేహము క్రిందనే నిలుచును. వీని దగ్గఱి చుట్టములు మన మంజీర నదిలోని మొసళ్లు. అంతకంటె దగ్గఱివి మన పెరటి కోళ్లు. 1996లో చైనా దేశమున ఈకల గుఱుతులు గల చిన్న డైనోసారు శిల బయల్పడిన పిదప, పక్షులు ఈ వంశమునుండియే పుట్టినవన్న మాట మఱింత బలపడెను.

ఇక ముఖ్యమైన సంగతి. పొట్లములోని జంతువులు చాలవఱకు అమెరికావి. మన తెలుగు నేలలో దొరకిన జంతువు అందులో మాకు కనబడలేదు. ప్రాణహిత గోదావరుల లోయలో, సిరొంచ సమీపమునగల కోట గ్రామము పేర పిలువబడు రాతిపొరలున్నవి. ఇవి జురాసిక్ యుగమునాటివి, 17 కోట్ల సంవత్సరములకు మించినవి. 1961 ప్రాంతమున కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు ఈ పొరలలో ఆరింటికి తక్కువ కాని జంతువుల ఎముకలను, సుమారు 300, త్రవ్వి తీసిరి. తొడయెముక యొకటి 1.7 మీటర్లున్నది! 1975లో దీనికి బారాపాసారస్ టాగోరై యని పేరిడిరి. పెద్ద కాలు గల దని మొదటి మాటకర్థము. 1961 రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సర మగుటచే రెండవ మాట వచ్చినది. దానికి సుమారు 40 కిలోమీటర్ల దూరములో తెలంగాణములోని యామనపల్లి యొద్ద 12 జంతువులకు తక్కువ కాని వాని ఎముకలు 840 దొరకినవి. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన యాదగిరిగారు 1988లో దీనికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడిరి. మన గ్రామము పేరు లోకమంతటను శాస్త్రగ్రంథములలో నిలిచినది. ఆ అస్థిపంజరము పటాన్‌చెరుకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, హైదరాబాదు నౌబత్ పహాడ్‌మీది బిర్లా విజ్ఞానకేంద్రములో నిలువబెట్టబడియున్నది. పది పొట్లములు కొనుటకంటె ఒకమారు దానిక్రింద నిలిచి తల యెత్తి చూచుట మేలు.

గుండ్రని రాళ్లను గ్రుడ్లని తెచ్చి చూపు పిల్లలకొక మాట. సంగారెడ్డి, పటాన్‌చెరు పరిసరములలోని గుట్టలు నల్లసేనపు రాళ్లు కావు, గ్రానైటు రాళ్లు. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. జంతువులు పుట్టకమునుపే చల్లారిన రాతిలో వాని ఎముక యెట్లుండును? ఎండవానలకు పొరలు రాలి గ్రానైటు తనంతట గుండ్రనగును. ఎముకలు కావలెనన్న నీటి అడుగున ఇసుకయు బురదయు పేరుకొని గట్టిపడిన రాయి కావలెను. గోదావరి లోయలోనిది అట్టిదే.

ఈ కోట్ల సంవత్సరముల లెక్క పరిశుద్ధ గ్రంథమునకు విరుద్ధము కాదాయని కొందఱు విశ్వాసులు సందేహపడుచున్నారు. యోబు గ్రంథములోని నీటిగుఱ్ఱమే డైనోసారని చెప్పువారును గలరు. ఆ పోలిక మాకు బలవంతముగా తోచుచున్నది. సృష్టికర్త యున్నాడని చెప్పుటకు ఆదికాండము వ్రాయబడెను. ఎముకల వయస్సు చెప్పుటకు కాదు. రాతిలో నున్నదానిని ఉన్నట్లు చదువుటవలన ఎవరి విశ్వాసమునకును హాని లేదని మేము నమ్ముచున్నాము.

పెట్టె కట్టువారు ముందుగా కొలత నిర్ణయించుకొనవలెను. 40 వంతుల కొక వంతు చొప్పున 9 మీటర్ల కోటాసారసు 22.5 సెంటీమీటర్లగును, చెప్పుల పెట్టెలో పట్టును. 14 మీటర్ల బారాపాసారసు 35 సెంటీమీటర్లు. దానికి పెద్ద అట్టపెట్టె కావలెను. ప్రక్కన 4 సెంటీమీటర్ల మనుష్యుని బొమ్మను పెట్టె వెలుపల నిలిపిన చూచువారికి పరిమాణము తెలియును. లోపల మాత్రము పెట్టరాదు. నేలమీద పచ్చగడ్డి పఱచుట అందఱును చేయు పొరపాటు. కోటాసారసు కాలమున గడ్డియు లేదు, పూలమొక్కయు లేదు. ఫెర్నులు, సైకస్సులు, సూదియాకుల చెట్లు చాలును. తోటలలో క్రిస్మసు చెట్టని పెంచు అరకేరియా ఆ కాలపు వంశములలోనిదే. గడ్డియే కావలెనన్నవారు నర్మదాతీరపు రాజాసారసు పెట్టెను కట్టవలెను. అది డైనోసారుల యుగాంతమునాటిది. చంద్రపూర్ జిల్లాలోని పిస్‌దురలో దొరకిన ఆ కాలపు డైనోసారు పేడశిలలలో గడ్డి జాడలున్నట్లు 2005లో ప్రకటించిరి.

అట్టపెట్టెలకు, థర్మోకోలు ముక్కలకు మన పారిశ్రామిక ప్రాంతమున కొదువ లేదు. కాని మందుల కర్మాగారముల సంచులను, డబ్బాలను ముట్టరాదు. థర్మోకోలును నిప్పుతో కరగించరాదు. మట్టిని నక్కవాగునుండి తేవలదు. అది పరిశ్రమల మురుగునీటిచే చెడిన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు వఱకు పోయినది. కుమ్మరివారి నడిగిన పిడికెడు మంచి మట్టి కాదనరు.

మట్టితో కోటాసారసును చేయునపుడు కాళ్లను నిటారుగా, తోకను నేలకంటకుండ నిలుపవలెను. తలవద్ద మాత్రము కొంచెమాగవలెను. రెండు పండ్లు తప్ప దాని పుఱ్ఱె యేదియు దొరకలేదు; విజ్ఞానకేంద్రములోని తలయు ఊహించి చేసినదే. కనుక తలను వేఱురంగు మట్టితో విడిగా చేసి, "ఇది ఊహ" యని చీటీ వ్రాసి, సన్నని పుల్లతో మెడకు గ్రుచ్చవలెను. యామనపల్లి రాళ్లలో ఏనాడైన పుఱ్ఱె బయల్పడినచో ఆ తలను తీసి మఱియొకటి పెట్టుకొనవచ్చును.